జువ్వలదిన్నె ఇసుకలో మాట్లాడే జీపు

పెంచలయ్యకు సముద్రం పడదు. మామూలు మనిషికైతే ఇది పెద్ద విశేషం కాదు. కానీ పెంచలయ్య తండ్రి, తాత, ముత్తాత అందరూ చేపలు పట్టి బతికినవాళ్లు. మావాడు మాత్రం పడవెక్కి రెండో అల దాటగానే పొద్దున తిన్నదంతా సముద్రానికి సమర్పించుకుంటాడు. కావలి కాలేజీ హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం కాబట్టి ఈ రహస్యం నాకు తెలుసు. వాళ్ల ఊళ్లో అయితే అది రహస్యం కూడా కాదు.

అందుకే పడవలో తన వాటా వదులుకుని ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాడు. జువ్వలదిన్నె హార్బరుకు దక్షిణంగా వాళ్ల పాళెం. అక్కడి చిన్న పడవలు హార్బరుకు పోవు, నేరుగా ఇసుక మీదికే వస్తాయి. గాలినిబట్టి ఒకరోజు ఊరి ముందే తగులుతాయి, ఒకరోజు అటు మూడు కిలోమీటర్లు, ఇంకోరోజు ఇటు నాలుగు. పడవ తగిలిన చోటికి ఐసు పెట్టెలతో పోయి, చేపల్ని రోడ్డుకు చేర్చడం జీపు పని. ఆ ఇసుకలో రోడ్డు లేదు. ఫోను సిగ్నలు తుఫాను షెల్టరు మిద్దె ఎక్కితే తప్ప రాదు. పోయిన నెలలో రెండుసార్లు పడవ ఒకచోట, జీపు ఇంకోచోట అయింది. చేపలు ఎండలో, ఐసు జీపులో, తిట్లు రెండుచోట్లా.

ఒకరోజు ఆ మిద్దె మీద నుంచే ఫోన్ చేశాడు.

"రేయ్ రాఘవా, ఐదు పడవలోళ్లూ కూర్చోని మాట్లాడుకున్నారు. ఈ శనివారం ఒక్కసారి చూస్తారంట. పడవ తగిలేలోపల నా జీపు ఆడ లేకపోతే, ఆదివారం నుంచి పనంతా ట్రాక్టరు శీనయ్యకే. నేను మళ్లా పడవెక్కాల."



పడవల్లో రేడియో సెట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. జీపులో కూడా ఒకటి పెట్టుకుంటే పడవతో నేరుగా మాట్లాడొచ్చని వాళ్ల సంఘం ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి కాగితం సంపాదించింది. (ఇది చదివి ఎవరికైనా సరదా పుడితే ముందు ఆ కాగితం సంపాదించండి, తర్వాత స్క్రూడ్రైవరు.) సెట్టు కూడా అట్టపెట్టెలో వచ్చి కూర్చుంది. బిగించేవాడే లేడు. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ చేశాను. ప్రస్తుతం దొరవారిసత్రంలో ఎరువులు, పురుగుమందులు అమ్ముతున్నాను. నా డిగ్రీ ఒకరికి అవసరపడటం ఇదే మొదటిసారి కావడంతో, అతను అడగడం పూర్తికాకముందే వస్తానన్నాను.

శుక్రవారం ఉదయం ఆరూ నలభైకి దొరవారిసత్రం స్టేషన్లో నెల్లూరు వైపు ప్యాసింజరు ఎక్కాను. చేతిలో పనిముట్ల సంచి, భుజాన నాలుగడుగుల యాంటెన్నా. దాన్ని పాత పేపర్లతో చుట్టాను. చుట్టకపోతే నలుగురు చూసేవారు, చుట్టడం వల్ల రైలు పెట్టె మొత్తం చూసింది. ఎదురుగా పూలబుట్టతో కూర్చున్న పెద్దామె నాయుడుపేట దాకా ఓపిక పట్టి, ఇక పట్టలేక అడిగింది.

"ఏంది అబ్బయ్యా అది, గేలమా?"

"యాంటెన్నా అమ్మా. జీపుకు పెట్టడానికి."

"జీపులో టీవీ చూస్తారా?"

"లేదమ్మా, మాట్లాడతారు."

"ఎవురితో?"

"పడవతో."

ఆమె బుట్టను మెల్లగా తన వైపుకు లాక్కుంది. గూడూరులో సీటు ఖాళీ కాగానే మారిపోయింది.

ఎనిమిదిన్నరకు నెల్లూరు. బస్టాండు దగ్గర ఎర్రకారం దోసె తిన్నాను. ఆ దోసె గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, రెండోది తిన్నానని తప్ప. తొమ్మిదీ పదికి కావలి బస్సు. కండక్టరు యాంటెన్నాను పైనుంచి కిందికి చూసి, "ఎత్తును బట్టి అర టిక్కెట్టు పడుద్ది సార్" అన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టేదాకా ముఖం అలాగే పెట్టి, తర్వాత నవ్వాడు. ఇలాంటి కళాకారులు ఆర్టీసీలో ఇంకా ఉన్నందుకు సంతోషించాను.

పదిన్నరకు కావలి. ట్రంకు రోడ్డులో మందపాటి రాగి వైరు, ఫ్యూజులు, గరుకు కాగితం కొన్నాను. అక్కడినుంచి జువ్వలదిన్నెకు షేర్ ఆటో. లోపల తొమ్మిది మందిమి, బయట యాంటెన్నా. దాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్న నన్ను చూసి, ఏదో పార్టీ జెండా మర్చిపోయి కర్ర మాత్రం తెచ్చుకున్నాడనుకుని ఉంటారు.

పన్నెండు దాటాక దిగేసరికి పెంచలయ్య జీపుతో నిలబడి ఉన్నాడు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. నీలం ఒళ్లు, పసుపు అంచు, ముందు రెండు కళ్లు. పడవకు వేసిన పెయింటు మిగిలితే జీపుకు వేశారు. ఒకసారి కాదు, పడవకు వేసిన ప్రతిసారీ వేశారు.

"ఉప్పుగాలి గదరా. ఈడ పెయింటు లేని ఇనుము, గుడ్డల్లేని మనిషి ఒకటే" అన్నాడు.

ఆ మాట తర్వాత నాకు చాలా పని చెప్పింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు వాళ్లింటి ముందు కొబ్బరిచెట్ల కింద పని మొదలుపెట్టాం. తెలుసుకోదలచినవారి కోసం పద్ధతి చెబుతాను. రేడియోకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే తీసుకోవాలి, రెండు వైర్లకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాలి. బండిలో ఉన్న పాత వైర్లను నమ్మకూడదు. ఈ జీపు వైర్లనైతే అసలే నమ్మకూడదు, హారన్ నొక్కితే వైపరు కదిలేది. ఇంజనుకూ సీట్లకూ మధ్య రేకులో రంధ్రం చేసి వైరు లాగాం. రేకు అంచు వైరును కొయ్యకుండా రబ్బరు ముక్క ఉండాలి. అది నేను దొరవారిసత్రంలోనే మర్చిపోయాను. పెంచలయ్య తన హవాయి చెప్పు విప్పి, గుండ్రంగా కోసి ఇచ్చాడు. కచ్చితంగా సరిపోయింది. మిగిలిన సాయంత్రమంతా ఒక కాలు చెప్పుతో తిరిగాడు, ఏమీ జరగనట్టే.

సెట్టును డ్యాష్‌బోర్డు కింద వీలైనంత పైకి బిగించాం. ఇసుక మీద జీపు నడవదు, ఎగురుతుంది. కింద పెడితే మోకాలి చిప్పకూ రేడియోకూ రోజూ గొడవే.

అసలు చిక్కు యాంటెన్నాతో వచ్చింది. పైన గుడ్డ టాపు కాబట్టి దాన్ని బానెట్ పక్క రేకుకు బిగించాలి. బిగించాను. తరంగం యాంటెన్నా నుంచి బయటికి పోతోందో వెనక్కి తిరిగి వస్తోందో చెప్పే చిన్న మీటరు ఒకటి ఉంటుంది. పెట్టి చూస్తే, వెళ్లినదంతా ఇంటికే తిరిగి వస్తోంది. యాంటెన్నా పాదం ఇనుమును తాకాలి, ఇక్కడ అది తాకుతున్నది ఐదు పొరల పడవ పెయింటును.

"కొంచెం గీకాలిరా" అన్నాను.

పెంచలయ్య ముఖం, బిడ్డకు గుండు గీయిస్తామన్న తల్లి ముఖంలా అయింది. లోపల్నుంచి వాళ్లక్క కోటమ్మ వచ్చింది. ఐదు పడవల చేపనూ ఒడ్డున అమ్మించేది ఈమే. రేపు పరీక్ష పడవ ఈమె భర్త గోవిందయ్యదే.

"గీకితే ఆడినుంచే తుప్పు పట్టుకుంటాది గదా తమ్ముడూ?"

"రూపాయి బిళ్లంత అక్కా. గీకి, బిగించి, పైన గ్రీజు పూస్తాను."

"రూపాయి బిళ్లంటే రూపాయి బిళ్లే. అరచెయ్యంత చేసినావంటే, రాత్రికి చేపల పులుసులో నీకు తోకే."

రూపాయి బిళ్లంతే గీకాను. నీలం కింద పచ్చ, పచ్చ కింద ఎరుపు, దాని కింద ఇంకో నీలం, అన్నిటికన్నా అడుగున సిగ్గుపడుతూ ఇనుము. బిగించి చూస్తే మీటరు ముల్లు చల్లగా కిందికి దిగింది. నేను గెంతానని పెంచలయ్య అంటాడు. కాళ్లు తిమ్మిరెక్కితే విదిలించాననే ఇప్పటికీ నా వాదన.

సాయంత్రం ఐదుకు సెట్టు పరీక్ష. ఇసుక మీద ఉన్న పడవలో గోవిందయ్య, ఇరవై అడుగుల దూరంలో జీపులో పెంచలయ్య, చుట్టూ పాళెం. మాట్లాడటం అయ్యాక "ఓవర్" అనాలని నేర్పాను. ఒకరికీ నచ్చలేదు. "ఆఁ, చెప్పు" అనడం మేలని అందరూ కలిసి తీర్మానించారు. తర్వాత బావాబామ్మర్దులు రేడియోలో ఎంత గట్టిగా అరిచారంటే, రెండు సెట్లూ ఆపేసినా వినిపించేది. అయినా స్పీకర్లోంచి గొంతు వచ్చినప్పుడల్లా జనం ఈల వేశారు. రాత్రి పులుసులో నాకు నడిమి ముక్కే పడింది. ఎనిమిదిన్నరకే మిద్దె మీద చాపేసుకుని నిద్రపోయాను.

శనివారం ఉదయం ఏడున్నరకు జీపు ఊరి ముందు ఇసుకలో సిద్ధంగా ఉంది. గోవిందయ్య పడవ నాలుగింటికే పోయింది. మిగతా పడవలవాళ్లు వేట మానుకుని ఒడ్డున కూర్చున్నారు. వాళ్లలో పెద్దవాడు పోలయ్య తాత తీర్పు చెప్పాలి కాబట్టి జీపు వెనక ఐసు పెట్టెల మీద కూర్చున్నాడు. పక్కన కోటమ్మ. ముందు నేను, పెంచలయ్య. మాకు పది బారల దూరంలో ట్రాక్టరు శీనయ్య.

"నేను ఊరికే చూసి పోదామని వచ్చినా అన్నా" అన్నాడు శీనయ్య. చూసి పోవడానికి వచ్చినవాడు ట్రాలీ తగిలించుకుని, దాన్నిండా ఐసు నింపుకుని వచ్చాడు.

ఒక గంటసేపు రేడియోలో హార్బరు పడవల కబుర్లు విన్నాం. అందరూ ఒకటే పాట. "ఏందన్నా, ఏమైనా పడిందా?" "ఏడ పడుద్ది, నీళ్లే." "మాదీ అంతే, డీజిలు దండగ." ఆ పూట అంత సముద్రంలో ఒక్క పడవకు ఒక్క చేప కూడా పడలేదని రేడియో సాక్షి. నాకు వాళ్లను తలచుకుని జాలి కూడా వేసింది.

ఎనిమిదీ నలభైకి గోవిందయ్య గొంతు గంటలా మోగింది. ఇంజను గోల లేదు, చిటపటలు లేవు. నా రూపాయి బిళ్లంత ఇనుము పని చేసింది. పెంచలయ్య మైకు లాక్కున్నాడు.

"బావా! ఏడుండావు? ఏ పక్క తగులుకుంటావు? ఆఁ, చెప్పు!"

"ఏముందిరా, ఈ పొద్దు ఏమీ పళ్లేదు. వల ఖాళీ. ఉత్తరానికి హార్బరు కాడికి వస్తాండా. ఆఁ, చెప్పు."

స్పీకరు అంత బాగా పలికింది కాబట్టి పది బారల దూరంలోని శీనయ్యకు కూడా అంతే బాగా వినబడింది. మా జీపు స్టార్టు కాకముందే ట్రాక్టరు పొగ వదులుతూ ఉత్తరానికి పరుగు తీసింది. పెంచలయ్య గేరు వేసి స్టీరింగు ఉత్తరానికి తిప్పాడు. వెనక నుంచి కోటమ్మ చెయ్యి వచ్చి అతని జుట్టు పట్టుకుంది.

"ఆపరా ఎర్రిమొగమా. దక్షిణానికి తిప్పు."

"ఉత్తరం అన్నాడు గదక్కా! ఇంత బాగా ఇనబడితేనూ!"

"నీకొక్కడికేనా ఇనబడింది? ఆ రేడియో పెట్టి ఉండే పడవోళ్లందరికీ ఇనబడింది. చేప పడిన తావు ఎవుడన్నా అందరూ ఇనంగా చెప్తాడా? చెప్తే రేపు ఆడ మనకు వలేసే సందుంటుందా?"

"అయితే పరీక్షని తెలుసు గదా బావకి!"

"తెలిసేది వేరే, నోటికొచ్చేది వేరే. ఆ మైకులో మీ బావ ఇన్నేళ్లలో ఒక్క నిజం చెప్పినాడా? నిజంగా పడని రోజు ఆయన పలకనే పలకడు, అలిగి కూర్చుంటాడు. ఖాళీ అని ఇంత కులాసాగా చెప్పినాడంటే పడవ బరువుగా వస్తాంది. ఉత్తరమన్నాడంటే వచ్చేది దక్షిణం నుంచే."

జీపు ఆగింది. ఇంజను మాత్రం వణుకుతోంది. పెంచలయ్య నన్ను చూశాడు. ఒకవైపు అతను మూడు నెలలు కలగన్న రేడియో, ఇంకోవైపు జుట్టు పట్టుకున్న అక్క. తప్పు వైపు పోతే రేపటి నుంచి పడవ, దాని వెంట వాంతులు. నేను యాంటెన్నా ఎత్తు లెక్కేశాను, వైరు మందం లెక్కేశాను, పెయింటు పొరలు లెక్కేశాను. చేపలు పట్టేవాడు చేపల గురించి అందరూ వినేలా నిజం చెప్పడన్న సంగతి మా సిలబస్‌లో లేదు.

"తాతా, మీరేమంటారు?" అన్నాను.

"తీర్పు చెప్పేవోడు నోరు తెరవకూడదు" అన్నాడు పోలయ్య తాత, వక్క నములుతూ.

"రేయ్, గొంతు బాగా వచ్చేదాకా నా పూచీ. గొంతులో ఏముందో అక్కకే తెలుసు" అన్నాను పెంచలయ్యతో.

అతను కళ్లు మూసుకుని స్టీరింగు దక్షిణానికి తిప్పాడు. కళ్లు తర్వాత తెరిచాడనే అనుకుంటున్నాను.

నీళ్లు తడిపి వదిలిన ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద జీపు దూసుకుపోయింది. మెత్తటి చోట వెనక భాగం తోకలా ఊగింది. ఎర్ర పీతలు వేలకు వేలు మా ముందు పక్కలకు తప్పుకున్నాయి, మంత్రిగారి కాన్వాయికి కూడా అంత మర్యాద దక్కదు. ఐసు పెట్టెల మీద పోలయ్య తాత ప్రతి గుంటకూ గాల్లోకి లేచి మళ్లీ అదే చోట కూర్చున్నాడు, వక్క నమలడం ఆపలేదు. యాంటెన్నా కొరడాలా ఊగింది. రేడియో తన పాటికి తాను, "గోవిందన్న వల ఖాళీ అంట, పాపం" అని ఎవరో అంటే "అయ్యో" అని ఇంకెవరో అనడం వినిపించింది. నాకు నవ్వు ఆగలేదు. పెంచలయ్యకు ఏడుపు ఆగలేదు. ఇద్దరి శబ్దమూ ఒకలాగే ఉంది.

ఒక కిలోమీటరు. రెండు. సముద్రం మీద ఏమీ లేదు. మూడు. కోటమ్మ కూడా మాట్లాడటం మానేసింది. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

మూడున్నర దగ్గర ఆమె లేచి, టాపు కడ్డీ పట్టుకుని నిలబడి అరిచింది. "అదుగో!"

ఎండకు మెరుస్తున్న నీళ్లలో పసుపు ముక్కు. దాని అంచు నీటికి జానెడు ఎత్తులో ఉంది, అంత బరువుగా వస్తోంది. పడవ అల మీద లేచి ఇసుకను తాకేసరికి మా జీపు ముందు చక్రాలు నురగలో ఉన్నాయి. పెంచలయ్య ఇంజను ఆపడం కూడా మర్చిపోయి దూకి, పడవ ముక్కును కౌగిలించుకున్నాడు. లోపల వంజరం, చందువా. వల కనిపించడం లేదు, చేపే.

గోవిందయ్య మమ్మల్ని చూసి తెల్లబోయాడు.

"నిన్ను ఉత్తరానికి పొమ్మంటి గదరా! ఈడికెట్ట వస్తివి?"

"నీకోసమే గదా బావా ఈ రేడియో పెట్టింది! నాక్కూడా అబద్ధమేనా?"

గోవిందయ్య తల గోక్కున్నాడు. "ఏమోరా. మైకు నోటి కాడికొచ్చేతలికి అదే వస్తాది" అన్నాడు నిజాయితీగా. అది ఆ ఉదయం ఆయన చెప్పిన మొదటి నిజం.

కోటమ్మ ఐసు పెట్టె మూత తెరిచి, "ఇంక ఎత్తండి, ఎండెక్కతాంది" అంది.

చేపలన్నీ ఐసులోకి చేరాక పోలయ్య తాత వక్క ఉమ్మి తీర్పు చెప్పాడు. "జీపే. అయితే ఒక మాట. రోజూ రేడియో పక్కన కోటమ్మ కూర్చోవాల. ఆమె లేకపోతే ఈ పెట్టి మనల్ని ముంచుతాది." కోటమ్మ తమ్ముడి వైపు చూసి, ముందు సీటు తనకే కావాలంది. ఇచ్చేశాడు. ఆ క్షణంలో స్టీరింగు అడిగినా ఇచ్చేవాడే. నేను కావలి ట్రంకు రోడ్డంతా తిరిగి సామాన్లు కొన్నాను గానీ, ఈ సెట్టు పని చేయడానికి కావలసిన ముఖ్యమైన భాగం మాత్రం వాళ్లింట్లోనే ఉంది.

పదిన్నరకు చేపలతో తిరిగి వస్తుంటే శీనయ్య ట్రాక్టరు ఎదురైంది. హార్బరు దాకా పోయి, ఐసు సగం కరిగించుకుని వచ్చాడు. "ఊరికే చూసొద్దామని పొయినా అన్నా" అన్నాడు. పోలయ్య తాత తలూపాడు. ఎవరూ నవ్వలేదు, ట్రాక్టరు దాటిపోయేదాకా.

మీరు అటు పోదలిస్తే ఉదయం ఎనిమిదిలోపు ఒడ్డున ఉండండి, ఎండకు టోపీ పెట్టుకోండి, పడవల వేట గురించి ఎవరేం చెప్పినా వినండి, నమ్మకండి. పులుసు మాత్రం నమ్మొచ్చు.

మధ్యాహ్నం భోజనం చేసి, కోటమ్మ కట్టిచ్చిన ఎండుచేపల పొట్లంతో బయల్దేరాను. పెంచలయ్య జీపులోనే బిట్రగుంట స్టేషన్లో దింపాడు. దారంతా ఈల వేశాడు, అతని ఈల వినడం హాస్టలు రోజుల తర్వాత ఇదే. మూడూ ఇరవైకి గూడూరు మీదుగా పోయే ప్యాసింజరు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎండుచేపల పొట్లం వల్ల పక్క సీటు కూడా దొరికింది.

బండి కదిలి, ఒక చిన్న స్టేషన్లో సిగ్నలు కోసం ఆగింది. ఎదురు సీట్లో ఒకాయన ఫోన్లో గట్టిగా చెబుతున్నాడు. "నెల్లూరు వచ్చేసినాన్రా, దిగతా ఉండా." కిటికీలోంచి తొంగిచూశాను. చుట్టూ వరిచేలు, ఒక గేదె. నెల్లూరుకు ఇంకా అరగంట. అవతలి సీట్లో ఒకమ్మాయి, "ఆటోలో ఉన్నా అమ్మా, సందు తిరిగితే ఇల్లే" అంటోంది. ఒడ్డుకు ఇంత దూరంలో ఉన్నా అందరిదీ గోవిందయ్య తీరే. నాకు వాళ్లందరి మీదా ఎందుకో చాలా అభిమానం పుట్టుకొచ్చింది.

అంతలో నా ఫోను మోగింది. ఇంటి నుంచి, మా ఆవిడ.

"ఎక్కడున్నారు?"

"గూడూరు దాటేశాం" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఫోను నోటి దగ్గరికి వచ్చేసరికి అదే వచ్చింది.

"అయితే ఇంకా నెల్లూరు కూడా రాలేదన్నమాట. బియ్యం ఏడింటికి పోస్తాలే" అని పెట్టేసింది.